గంజి పెట్టిన ఈత డ్రెస్సు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇస్త్రీ లేని బట్ట గడప దాటేది కాదు. చోడవరం బజారుకి వెళ్లి ఉప్పు తేవాలన్నా సరే, మా మామ్మ గంజి పెట్టి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిన బట్టే కట్టుకుని వెళ్లాలి. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. పొద్దంతా చెరకు తోటలో బురద తొక్కే మా నాన్న కూడా ఊళ్లోకి వెళ్తే పెళ్లికొడుకులా వెళ్లేవాడు. నలిగిన బట్టతో మా ఇంటి మనిషి ఎవరైనా బస్సెక్కితే మామ్మకి ఆ పూట అన్నం సహించేది కాదు. ఆవిడ ప్రేమ నోటితో చెప్పేది కాదు, గంజిలో కలిపేది. మా చిన్నత్త ఈత ఆ గంజిలోనే మునిగిపోయింది.

చిన్నత్త మా నాన్నకి ఆఖరి చెల్లెలు. గోవాడ వెళ్లే దారిలో మా తోటకి ఆనుకుని ఒక నేలబావి ఉండేది. అత్త అందులోనే ఈత నేర్చుకుంది. పరికిణీ కచ్చ బిగించి గట్టు మీద నుంచి దూకేది. నీళ్లలో ఆ పరికిణీ బుడగలా ఉబ్బి కాళ్లకి చుట్టుకునేది. అయినా మా వీధి మగపిల్లలు ఆమె వెనకాల రొప్పుకుంటూ వచ్చేవాళ్లు. ఆమె అనకాపల్లి కాలేజీలో చేరాక, ఒకసారి అందరూ కలిసి రైవాడ రిజర్వాయరుకి పిక్నిక్ వెళ్లారు. అక్కడ అత్త ఈత చూసిన ఆటల మేడమ్ కళ్లు పెద్దవయ్యాయట. విశాఖపట్నంలో కాలేజీ ఆడపిల్లల ఈత పోటీలు ఉన్నాయి, నువ్వు రావాలి, గెలిస్తే పెద్ద పోటీలకి పంపిస్తాను అంది. కానీ పరికిణీతో దిగనివ్వరు, ఈత డ్రెస్సు కొనుక్కోవాలి అని కూడా చెప్పింది.

నాన్న తల గోక్కున్నాడు. ఆడపిల్ల, నలుగురి ముందు, అలాంటి బట్టలతో అని నసిగాడు. మామ్మే ఆయన నోరు మూయించింది. "ఆడగుంటో మొగగుంటడో నీళ్లకేటి తెలుస్తాదిరా? పంపు," అంది. తోడుగా నన్ను కూడా తీసుకెళ్లాలని మాత్రం షరతు పెట్టింది. అలా నేను ఈ కథలోకి వచ్చాను.

డ్రెస్సు కొనడానికి అత్తా నేనూ విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్లాం. కొట్టువాడు మొదట తళతళలాడే ఎర్రటిది చూపించాడు. నాకు తెగ నచ్చేసింది. అత్త దాన్ని రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి ట్యూబులైటు కేసి పట్టింది. "ఇందులోంచి నా మొకం కనబడతందేటి?" అని అడిగింది. ముక్కూ కళ్లూ అన్నీ కనబడుతున్నాయి. పక్కన పెట్టేసింది. తర్వాత ముదురు నీలం రంగుది తీశాడు. చూడ్డానికి మా బడి సంచీలా ఉంది. అత్త దాన్నీ సాగదీసింది, వదిలింది. టప్పున వెనక్కి వచ్చింది. కుట్టు దగ్గర లాగింది, దారం పటుక్కుమనలేదు. కొట్టువాడి గ్లాసులో నీళ్లతో ఓ మూల తడిపి తన తెల్ల చేతిరుమాలుతో అద్దింది, రంగు అంటలేదు. లోపల అస్తరు ఉందో లేదో తిప్పి చూసింది. ఆ కొట్టువాడు ఆవలించినా ఆమె తొందరపడలేదు. ఇవన్నీ మేడమ్ చెప్పిందట. "బట్ట మెరిస్తే సరిపోదే. సాగేక ఎనక్కొచ్చిందా లేదా అదే సూడాల. ఎనక్కి రాని బట్ట నీళ్లలో మనల్ని ముంచేస్తాది," అని నాకు చెప్పి, ఆ నీలం రంగుదే కొంది.

ఆ తర్వాత కొన్నాళ్లు పొద్దున్నే నేలబావి దగ్గరే మా కాపురం. నేను గట్టు మీద కాపలా, ఆమె నీళ్లలో. కాళ్లకి అడ్డం పడే పరికిణీ లేకపోయేసరికి అత్త ఆ గట్టు నుంచి ఈ గట్టుకి చేపలా వచ్చేసేది. పైకి రాగానే మాత్రం ముందు డ్రెస్సు సంగతే. పంచాయతీవాళ్లు బావిలో బ్లీచింగ్ పొడి చల్లారని, ఇంటికి వెళ్లగానే కుండలోని మంచినీళ్లతో జాడించేది. సోడా సబ్బు తగలనిచ్చేది కాదు. బండ మీద బాదేది కాదు, పిండేది కాదు. తువ్వాల్లో చుట్టి అరచేతులతో నెమ్మదిగా అదిమేది. ఎండలో కాకుండా వసారా నీడలో పరిచేది. అందులో సన్నటి రబ్బరు పోగులుంటాయి, వేడి తగిలితే చచ్చిపోతాయి అని నాకు పాఠంలా చెప్పేది. నేను అప్పజెప్పేదాన్ని. మామ్మ వంటింట్లోంచి చూసి, "ఏటే ఆ ముద్దు, సంటిపిల్లకి నీళ్లోసినట్టు," అని నవ్వేది. ఆవిడ అలా నవ్వి ఊరుకునేది, మేమూ నవ్వి ఊరుకునేవాళ్లం.

పోటీకి ముందురోజు అత్త కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె సంచీ సర్దేసి ఉంది. మామ్మ తన చేత్తో సర్దింది. తువ్వాలు, దువ్వెన, అరిసెలు, అడుగున కాగితంలో చుట్టిన డ్రెస్సు. "మడత నలిగిపోద్ది, ఇప్పకు," అని సంచీ మీద చెయ్యి వేసి నవ్వింది. మర్నాడు తెల్లారుతూనే బస్సెక్కాం. మామ్మ బస్టాండుదాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది.

ఈతకొలను పక్కనున్న గదిలో అత్త ఆ కాగితం విప్పింది. గంజి వాసన గుప్పున కొట్టింది. డ్రెస్సు అట్టలా బిగుసుకుని, నాలుగు మూలలా నలగని మడతలతో ఉంది. కూతురు పట్నంలో నలుగురి ముందు నిలబడుతోంది కదా అని మామ్మ దానికీ గంజి పెట్టి, పైన తడిబట్ట పరిచి, బొగ్గుల పెట్టెతో ఒత్తి ఒత్తి ఇస్త్రీ చేసింది. శుక్లాలు కమ్మిన ఆ కళ్లతో ఎంతసేపు చేసిందో. అత్త దాన్ని రెండు బొటనవేళ్లతో సాగదీసి వదిలింది. సాగింది సాగినట్టే ఉండిపోయింది. నీళ్లలో తడిపితే గంజి పోయింది గానీ బట్ట తిరిగి రాలేదు. వేసుకుని చూసింది. భుజాల పట్టీలు జారిపోతున్నాయి, ఛాతీ దగ్గర సంచీలా వేలాడుతోంది. మేడమ్ మిగతా పిల్లల్ని అడిగింది. ఎవరి దగ్గరా ఇంకొకటి లేదు, ఆదివారం పొద్దున్న కొట్లూ లేవు. అలా ఎలా పాడయిందని మేడమ్ అడిగితే అత్త, "నేనే సరిగ్గా సూసుకోలేదండి," అంది.

సాయంత్రం దాకా మేం మెట్ల మీదే కూర్చున్నాం. ఆ నీళ్లంత నీలం నేను అంతకుముందు చూడలేదు. ఒక్కో పోటీ అవుతుంటే అత్త చేతులు ఒడిలోనే కొద్దికొద్దిగా కదిలేవి. గెలిచిన అమ్మాయికి అందరికంటే ముందు ఆమే చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకి రాలేదు. తిరుగు బస్సులో అరిసె విరిచి నాకు సగం పెట్టి అప్పుడంది. "నీకు అన్నీ సెప్పేను. అమ్మకి ఒక్క ముక్క సెప్పలేదే. ఇంట్లో బట్టలన్నీ ఉతికేది ఆవిడే గదా. ఇంటికెళ్లేక నువ్వేటీ మాట్లాడకు."

బస్టాండులో మామ్మ ఎదురుచూస్తోంది. ఏటైందే అని అడిగింది. ఓడిపోయేనమ్మా, అందరూ బాగా ఈదేరు అంది అత్త. మామ్మ ఆమె తల నిమిరి, డ్రెస్సు బాగుందన్నారా అని అడిగింది.

"అందర్లోకీ నాదే బాగుందన్నారమ్మా," అంది అత్త.

మామ్మ మొహం వెలిగిపోయింది. ఆ మాట తను పోయేదాకా చెప్పుకుంది. మా గుంట ఓడితే ఓడింది గానీ బట్ట మాత్రం దానిదే నిలబడిందట అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వీధిలో పిల్లలు మాత్రం నేలబావి ఈత పట్నంలో పనికిరాలేదని అత్తని చాలాకాలం ఏడిపించారు. ఒక్క పోటీలోనూ ఓడని మనిషి ఓడిన పేరు మోసింది. మరుసటి ఏడు పోటీల లోపే దేవరాపల్లి సంబంధం కుదిరింది. అత్తవారు మంచివాళ్లే. ఈత వద్దని ఎవరూ అనలేదు, ఈదమని కూడా ఎవరూ అనలేదు. రైవాడ నీళ్లు ఆమె ఇంటికి అంత దగ్గర, మళ్లీ దిగినట్టు నేను వినలేదు. నాకు ఇప్పటికీ అదే బాధ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ నీలం నీళ్లలో ఆమెని చూసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా మనవరాలు విశాఖపట్నంలో ఈత నేర్చుకుంటోంది. బట్టల పేర్లు మారాయి, లైక్రా అంటారు, క్లోరిన్‌కి తట్టుకునే పాలియెస్టర్ అంటారు. కొట్లో నేను మాత్రం రెండు బొటనవేళ్లే నమ్ముతాను. మొన్న సెలవులకి పిల్ల చోడవరం వచ్చినప్పుడు అత్త కూడా చూడ్డానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడుస్తోంది. వసారాలో నీడన ఆరిన ఆ చిన్న డ్రెస్సుని చేతిలోకి తీసుకుంది. సాగదీసింది, వదిలింది. టప్పున వెనక్కి వచ్చింది. మళ్లీ సాగదీసింది.

"అమ్మకి ఒక్కసారి సూపించుంటే," అంది, "నాకన్నా బాగా సూసుకునేదే దీన్ని."

నిజమే. మా ఇంట్లో మామ్మంత శ్రద్ధగా బట్ట ఉతికినవాళ్లు మళ్లీ పుట్టలేదు. అందుకే నేను కోడలికీ, పనిచేసే అమ్మాయికీ, మనవరాలికీ, ఆఖరికి ఇస్త్రీ బండి అతనికీ కూడా చెప్తూనే ఉంటాను. మంచినీళ్లలో జాడించు, పిండకు, నీడలో వెయ్యి, వేడి తగలనివ్వకు. చాదస్తం అని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. ఆ డ్రెస్సు మీద ఎవరి చెయ్యి పడుతుందో వాళ్లకి చెప్పకుండా మాత్రం నేను ఊరుకోలేను.