ఆకు ఏ వైపు ముడుచుకుంది

ఇవాళ పొద్దున మీటింగులో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో చెబుతుండగా ఆమె వెనకాల కుక్కరు కూత వేసింది. "సారీ అండీ, సారీ" అంటూ మైకు ఆపేసింది పాపం. నా చెవుల్లో ఆ కూత కాసేపు గుయ్యిమంటూనే ఉంది. రజియా మేడం గుర్తొచ్చారు. కరోనా ఏడాది మమ్మల్ని ఇళ్ల నుంచి పని చేయమని పంపేశాక జరిగిన మొదటి మీటింగులో ఆవిడే ముందుగా చెప్పారు: "మా ఇంట్లో పప్పు పొయ్యి మీదుంది. మూడో కూతకి లేచి వెళ్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి." మూడో కూత వచ్చింది, లేచి వెళ్లారు. ఎనిమిది మందిమి ఆవిడ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత మాలో ఎవరూ తమ ఇంటి చప్పుళ్లకు సిగ్గుపడలేదు.

ఆవిడ మాకు సూపర్‌వైజరు. మాది గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద ఉన్న చిన్న ఆఫీసు. పత్తి, మిరప రైతులు ఫోను చేసి పైరుకు వచ్చిన తెగులు ఎలా ఉందో చెబితే, ఏం చేయాలో చెప్పటం మా పని. రజియా మేడంది ప్రత్తిపాడు వైపు సేద్యం చేసుకునే కుటుంబం. వ్యవసాయ డిప్లొమా చదివి, ఈ ఉద్యోగానికి రాకముందు చాలా ఏళ్లు తోటల్లోనే తిరిగారట. పొడుగు మనిషి, కొంగు నడుముకు చెక్కుకుని నడిచేవారు. మెచ్చుకోవటం అనే విద్య ఆవిడకు బొత్తిగా రాదు. బాగా చేస్తే "ఊఁ" అనేవారు. చెడగొడితే మాత్రం కింద టీ కొట్టు వాళ్లకు కూడా తెలిసిపోయేది. ఇప్పుడావిడ మా ఆఫీసులో లేరు. ఎందుకు లేరో చెప్పాలంటే నేను చేసిన తప్పు ఒకటి, చేయాల్సి ఉండి చేయని పని ఒకటి, రెండూ చెప్పాలి.

మిరపలో ఆకుముడత అని ఒకటుంది. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. దేని మందు దానిదే. ఒకదాని మందు రెండోదానికి కొడితే అసలు పురుగు ఈలోపల తోటంతా కమ్మేస్తుంది. అందుకని ఆఫీసులో మాకో అలవాటుండేది. ఎవరైనా ఫోనులో "ముడతా అండీ?" అనగానే, పక్క కుర్చీలో ఉన్నవాళ్లు తమ పని తాము చేసుకుంటూనే చెయ్యి చాపి, అరచెయ్యి ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పేవారు. ఏ వైపో అడిగావా అని అర్థం. అది మేడం మా కుర్చీల వెనక తిరుగుతూ మొదలుపెట్టిన పని. చూసి చూసి మాకూ పట్టుబడింది. ఒక చెవి పక్కవాళ్ల మాటల మీద వేసి పని చేయటం ఎంత అవసరమో, ఇళ్లకు వెళ్లేదాకా మాకెవరికీ తెలియలేదు.

మా ఇల్లు మంగళగిరిలో. ఇల్లంటే మగ్గం ఉన్న గది, దాని వెనక వంటిల్లు, అంతే. అమ్మా నాన్నా ఇద్దరూ నేతపనే. మగ్గం చప్పుడు ఫోనులో పడుతుందని నేను బయట డాబా మెట్ల మీద కూర్చునేదాన్ని. అక్కడ సిగ్నలు ఉంటే ఎండ, ఎండ లేకపోతే వాన. నాలుగు రోజులకే మేడం పసిగట్టారు.

"వాణీ, మాట మధ్యలో మాయమైపోతున్నావు. ఎక్కడ కూర్చున్నావమ్మా?"

"మెట్ల మీద మేడం. లోపల మగ్గం ఆడుతుంటుంది. ఫోన్లు వచ్చే వేళకి ఆపమని నాన్నకి చెప్తాను."

"ఆపమనటానికి నువ్వెవరు? నీ ఉద్యోగం నిన్న మొన్నటిది, ఆయన మగ్గం నువ్వు పుట్టకముందుది. లోపలికెళ్లి కూర్చో. చప్పుడేంటని రైతు అడిగితే మాది నేత ఇల్లండీ అని చెప్పు. వాళ్లేం గవర్నర్లా?"

లోపలికి వెళ్లి కూర్చున్నాను. రైతులు నిజంగానే అడిగారు. ఒకాయన మందు సంగతి మరిచి జరీ అంచు చీరల గురించి వాకబు చేశాడు. మా నాన్న ఆ రోజంతా తెగ సంబరపడ్డాడు. మేడం అలా ఒక్కొక్కరి సంగతీ చక్కబెట్టారు. చిన్నపిల్లలున్న వాళ్లకు పొద్దుటి ఫోన్లు తప్పించారు, నెట్ సరిగ్గా అందని వాళ్లకు రాతపని ఇచ్చారు. అన్నీ ఆలోచించిన మనిషి ఒక్కటి మాత్రం ఆలోచించలేదు: ఇప్పుడు మా మాటలు వినేవాళ్లు ఎవరూ లేరని.

మిరపకు తెగుళ్లు ముసిరే రోజులవి. ఒక మధ్యాహ్నం దర్శి దగ్గరి నుంచి ఏడుకొండలు అనే రైతు ఫోను చేశాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశానన్నాడు, ఆకు ముడుచుకుపోతోందన్నాడు. వెనక ఇంకా చాలామంది లైనులో ఉన్నారు. అప్పటిదాకా ఆ పూట వచ్చినవన్నీ పైముడతలే. ఇదీ అదేలే అనుకున్నాను. ఏ వైపో అడగలేదు. తామర పురుగు మందు చెప్పి పెట్టేశాను. అంత తేలిగ్గా జరిగిపోయింది.

వారం దాటాక ఆయన మళ్లీ చేస్తే ఫోను మా శ్రీను ఎత్తాడు. శ్రీను నాకంటే సీనియరు, మంచివాడు, గొడవలంటే భయం. వెంటనే నాకు ఫోను చేశాడు.

"మొన్న మాట్లాడిన మగ్గం చప్పుడు అమ్మాయి కావాలంటున్నాడు, నువ్వేగా? ఆకులు కిందికి ముడిచాయంట. నువ్వు చెప్పిన మందే కొట్టాడంట."

ఏ వైపో నేను అడగలేదని చెప్పాను.

"నల్లి మందు నేను చెప్పాలే. ఊరుకో ఇక. ఎవరు విన్నారు గనక? మేడానికి చెప్పావనుకో, చీరేస్తది."

నిజం చెప్పొద్దూ, ఊరుకుందామనే అనుకున్నాను. అమ్మావాళ్లు నేసిన చీరలు కొనేవాళ్లు లేక మడతల్లోనే ఉన్నాయి. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే నా ఉద్యోగం వల్లే. కానీ ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఏడుకొండలు గొంతు గుర్తొస్తూనే ఉంది. మేడానికి ఫోను చేసి అంతా చెప్పేశాను.

ఆవిడ కేకలు వేయలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "అడగలేదా?" అన్నారు. "ఏ వైపో అడగను కూడా లేదా, వాణీ?"

"లేదు మేడం."

"లైనులో ఉండు. ఆయన్ని కలుపుతాను."

ఏడుకొండలు లైనులోకి రాగానే ఆవిడ ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మొదలుపెట్టారు. "అన్నా, మీకు తప్పుడు మందు చెప్పింది మేమే. మీరు సరిగ్గానే కొట్టారు, చెప్పటంలో తప్పు మాది."

ఆయన గొంతు పెద్దది. "మీ తప్పని ఇప్పుడు చెబితే నా తోట లేచి నిలబడిద్దా అమ్మా? అడిగితే చెప్పేవాణ్ణిగా! నాకు కళ్లు లేవా?"

"నిలబడదన్నా. మిగిలింది నిలబెట్టే దారి చూద్దాం" అన్నారు మేడం. నన్నూ మాట్లాడమన్నారు. తప్పయిపోయిందండీ అన్నాను. ఆయన చాలాసేపు తిట్టాడు. ఆవిడ ఒక్క మాటకు కూడా అడ్డు రాలేదు, నన్నూ రానివ్వలేదు. ఆ తర్వాత ఆయన ఫొటోలు పంపాడు, మేడం రోజు విడిచి రోజు ఆయనతో మాట్లాడారు. సగం తోట కోలుకుంది. మిగతా సగం పోయింది. మా కంపెనీ ఆయనకు ఏమీ చేయలేదు. మా వాళ్లలో ఒకరు పొరపాటు చేశారని మేడం పైకి రాసిన కాగితంలో నా పేరు లేదు.

మర్నాడు మీటింగులో ఆవిడ అందరికీ చెప్పారు. "మీ కుర్చీలు చూశాను, మీ నెట్ చూశాను, ఒంటరిగా కూర్చున్న మనిషికి అడ్డు చెప్పేదెవరో చూడలేదు. అది నా బుద్ధి తక్కువ. ఇవాళ్టి నుంచి ఇద్దరిద్దరు. ఒకళ్లు రైతుతో మాట్లాడుతుంటే ఇంకొకళ్లు అదే లైనులో వింటారు. ఏదైనా వదిలేస్తే అక్కడే అడుగుతారు."

నేనూ శ్రీనూ జంట అయ్యాం. నాలుగు రోజుల్లోనే నా పొరపాట్లు వాడు, వాడివి నేను పట్టుకున్నాం. ఎదురుగా లేకపోయినా మనిషి తోడున్నట్టే ఉండేది. కాకపోతే ఎత్తే ఫోన్లు బాగా తగ్గిపోయాయి. హైదరాబాదులో ఉండే మా పై అధికారికి అది నచ్చలేదు. మానేయమని ఆవిడకు రెండుసార్లు చెప్పాడు. ఆవిడ మానలేదు. చివరికి ఆయనే మా మీటింగులోకి వచ్చాడు.

"రజియా గారూ, ఒక్క ఫోనుకి ఇద్దరు మనుషులా? ఇలాగైతే ఈ టీముని నడపటానికి వేరేవాళ్లని చూసుకోవాల్సొస్తుంది."

"ఒక్కళ్లే ఉన్నప్పుడు ఏం జరిగిందో రాశానుగా సార్" అన్నారు మేడం.

"ఎప్పుడో ఒకటి జరిగింది. మీ వాళ్లనే అడుగుదాం. ఈ పద్ధతి తప్పనిసరిగా కావాలి అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఉంచేద్దాం."

మా ఎనిమిది మంది పేర్లూ తెర మీద వరసగా కనబడుతున్నాయి. ఒక్కరూ మాట్లాడలేదు. మిగతావాళ్ల సంగతి నాకు అనవసరం. చెప్పాల్సింది నేను. ఆ తప్పు చేసింది నేనేనండీ, పక్కన ఇంకొకరు వింటుంటే చేసేదాన్ని కాదండీ అంటే సరిపోయేది. అంటే నా పేరు బయటపడేది, ఉద్యోగం పోయేది. బహుశా పోయేది కాదేమో కూడా. నా వేలు మైకు గుర్తు మీదే ఉంది. ఆయన చాలాసేపే ఆగాడు. నేను నొక్కలేదు.

"చూశారుగా" అన్నాడాయన. మేడం "చూశాను సార్" అన్నారు. అంతే. ఆ నెల తిరక్కుండానే ఆవిడను తీసేశారు.

కొన్నాళ్లకు ధైర్యం చేసి ఫోను చేశాను. మాట్లాడబోతే ఏడుపొచ్చింది. "ఇప్పుడెందుకమ్మా? అప్పుడో ముక్క అనాల్సింది" అన్నారు. కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. తమ్ముడి పొలం చూసుకుంటున్నానని, పత్తి బాగుందని చెప్పారు. మా నాన్న మగ్గం నడుస్తోందా అని అడిగి పెట్టేశారు.

ఇప్పుడు ఆ టీముకు నేను సూపర్‌వైజరుని. సగంమంది ఇంకా ఇళ్ల నుంచే పని చేస్తారు. ఆ పై అధికారి మారాక, కొత్తగా చేరినవాళ్లకు మూడు నెలలు జంట తప్పనిసరి చేశాను. అది పెట్టింది నేనేనని పైవాళ్లు మెచ్చుకుంటే, కాదు, రజియా మేడమని చెబుతాను. ఏడుకొండలు తోట సంగతి కూడా వచ్చిన ప్రతివాళ్లకూ నా పేరుతో సహా చెబుతాను. వింటే వాళ్లు జాగ్రత్త పడతారు, నేనూ నిజాయితీగల మనిషిలా కనిపిస్తాను. ఆ మీటింగులో నేను నోరు విప్పలేదన్న సంగతి మాత్రం ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.