ఎవరూ దగ్గని దిష్టి

ఈ పొద్దున పక్కింటివాళ్లు కొత్త ట్రాక్టరుకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేశారు. ఘాటు లేస్తే దిష్టి లేనట్టు, లేవకపోతే గట్టిగా తగిలినట్టు. పొగ మా వసారాలోకి కూడా వచ్చింది, డ్రైవరుతో సహా అందరం దగ్గుకుంటూ రోడ్డెక్కాం. ట్రాక్టరు క్షేమమని తేలిపోయింది. మా మేనత్త మాత్రం మంచం దిగకుండా, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్ను పిలిచి అడిగింది: "అల్లుడా, కల్లంల కాయ ఎత్తిండ్రా? మబ్బు పడుతున్నది." ఎత్తాం అత్తా అన్నాను. అబద్ధం కాదు. ఆ కాయను ఎత్తి, బస్తాల్లో తొక్కి, మార్కెట్టుకు తోలి మూడేళ్లయింది.

మాది దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున మిర్చి పండించే ఊరు. కాయ ఎర్రబడ్డాక రెండు నెలలు మనుషులు ఇళ్లలో ఉండరు, కల్లంలోనే ఉంటారు. అత్త కూలీలకంటే ముందొచ్చి వాళ్లకంటే ఆలస్యంగా వెళ్లేది. అందుకని కూలీలకు ఆమెంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు, ఆమె తెచ్చే పచ్చిపులుసు అంటే ఉండేది. నేను అప్పుడే డిగ్రీ అయ్యి, ఏవో పరీక్షలకు చదువుతున్నానని చెప్పుకునేవాణ్ణి. కల్లంలో నా అసలు ఉద్యోగం నవ్వించడం. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకున్నా, పెద్ద మాట మాట్లాడినా, అందులోంచి గాలి తీసేస్తే తప్ప నాకు అన్నం సహించేది కాదు.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, తెల్లబారిన తాలుకాయను ఏరుతూ ఏరుతూ అత్త రెండు చేతులతో తల పట్టుకుని కూలబడింది. "నెత్తి మీద గొడ్డలేసినట్టయిందిరా," అంది. మామ లేచి బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు, భద్రాచలం దవాఖానాకు పోదామని. నేను ఊరుకోవచ్చు కదా. "అత్తా, సీరియల్ల అయితే గీ దెబ్బ మూడు పక్కలనుంచి మూడుసార్లు చూపిస్తరు. లేచి ఇంకోసారి కూసో," అన్నాను. కూలీలు విరగబడి నవ్వారు. అత్తా నవ్వింది, నవ్వుతూనే పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. అంత నవ్వు మధ్యలో మామకు తాను కంగారుపడినందుకు సిగ్గేసినట్టుంది, తాళం మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఎండ దెబ్బ అన్నారు, మజ్జిగ తాగించారు. అప్పుడు మా నాయనమ్మ, అంటే అత్తకు అమ్మ, కుప్పలోంచి గుప్పెడు కాయ తీసి కూతురి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. కాయ నల్లబడింది, పొగ లేచింది, ఒక్కరూ దగ్గలేదు. "సూడుండ్రి, ఒక్కరికన్న తుమ్ము వచ్చిందా? ఎంత దిష్టి తగిలిందో నా బిడ్డకు," అంది నాయనమ్మ. రెండు నెలలుగా ఆ మిర్చిలోనే తిని ఆ మిర్చి పక్కనే పడుకుంటున్న ముక్కులు మావి. వాటిని అడిగి రోగం తేల్చుకున్నాం. ఊళ్లో ప్రతి మాటకూ వంక పెట్టే నాకు కూడా ఆ వంక తోచలేదు.

మర్నాటికి తలనొప్పి కాస్త తగ్గింది కాబట్టి దిష్టి పోయిందన్నారు. మెడ బిగుసుకుపోతే బస్తా ఎత్తినందుకన్నారు. వెలుతురు చూడలేక ముఖం మీద కొంగు కప్పుకుంటే, రెండు రోజులైనా పండుకోనీయండి అన్నారు. మూడోరోజు పొద్దున జడ వేసుకుంటూ, చేతిలో దువ్వెన ఉండగానే పడిపోయింది.

భద్రాచలం నుంచి ఖమ్మం, అక్కడ స్కానింగు చూసి హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడి డాక్టరు మామను కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. "పొలంలో నీళ్ల పైపు ఒకచోట పలచబడితే బుగ్గలాగ ఉబ్బుతుంది చూడండి, తలలో రక్తనాళం అట్లనే ఉబ్బింది. మొదటిరోజు కొంచెం చిట్లింది, రక్తం గడ్డకట్టి తాత్కాలికంగా ఆగింది. ఆ రోజే తేవాల్సింది. రెండోసారి పెద్దగా చిట్లింది." మామ చాలాసేపు ఆలోచించి, "పైపు ఉబ్బితే మేం సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కడతం సార్," అన్నాడు. డాక్టరు నవ్వలేదు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం తలదాకా పంపి, ఆ బుగ్గను మెత్తటి తీగతో నింపేస్తామన్నాడు. "నెత్తిల రోగానికి తొడల సూదేంది సార్?" అని అడిగాడు మామ. నవ్వించడానికి దొరికీ నా జీవితంలో నేను వదిలేసిన ఒకే ఒక్క అవకాశం అది. "బుగ్గను మూస్తాం. ఇప్పటికే చిమ్మిన రక్తం ఏం చేసిందన్నది మాత్రం ఆమె లేచాకే తెలుస్తుంది," అన్నాడు డాక్టరు.

మూడు వారాలకు లేచింది. నడుస్తుంది, తింటుంది, అందరినీ గుర్తుపడుతుంది. కొత్త సంగతి మాత్రం ఆమెలో పూట కూడా నిలవదు. తర్వాత నాయనమ్మ చనిపోతే, ఆ కబురు నాలుగుసార్లు చెప్పి, నాలుగుసార్లు ఆమె ఏడుపు చూశాక, నాయనమ్మ మణుగూరుకు చుట్టపుచూపుగా పోయిందని చెప్పడం మొదలుపెట్టాం. నా జోకులు రోజూ అవే చెబుతాను, రోజూ కొత్తగా నవ్వుతుంది. ఒకప్పుడు నేను దేవుణ్ణి కోరుకున్న శ్రోత సరిగ్గా ఇలాంటిదే.

ఈ పొద్దున ట్రాక్టరు దిష్టి పొగ చెదిరాక అత్త పక్కన కూర్చుని, ఎన్నోసారో లెక్కలేదు, మళ్లీ చెప్పాను. "అత్తా, ఆ రోజు నేను నవ్వించకపోతే మామ బండి తీసెటోడు."

"ఏ రోజురా?"

చెప్పాను. నా తల మీద చెయ్యి వేసింది. "పో పిచ్చోడా, నీ మాటకు ఆగిన్నా? కాయ ఎత్తకుండ నేను ఎట్ల పోత?" అంది. ఆ మాటతో నా గుండె బరువు దిగింది. అన్నం తినే వేళకు ఆమె అది మరిచిపోయింది, రేపు మళ్లీ అడుక్కోవాలి.

మా అందరికీ మూడేళ్లు గడిచాయి. అత్తకు మాత్రం కల్లంలో ఆ పొద్దు ఇంకా వాలలేదు, ఆమె కాయ ఎత్తేదాకా నాకూ వాలదు.