ఉంగరం పిట్టలు వెనక్కి వచ్చాయి

నా పేరు పోలమ్మ. డెబ్బై దాటాయి. కొడుకు ఎర్రయ్య, కోడలు నూకాలుతో విశాఖ ఒడ్డున జాలరిపేటలో ఉంటున్నాను. నాకు చదువు రాదు. పిట్టల కాళ్లకు ఉంగరాలు వేసే సుజాత ఇది కాగితం మీద రాసి, ఈ సాయంత్రమే కంప్యూటర్లో పెడతానంది.

ఎండలు ముదిరేముందు ఉత్తరానికి పోయే చిన్న పిట్టలను ఆమె మా ఒడ్డు తుప్పల్లో సన్నని వల కట్టి పడుతుంది. కాలికి నంబరు ఉంగరం వేసి వదిలేస్తుంది. నిన్న ఆరింటిని వదిలింది. ఈ ఉదయం ఆ ఆరూ సముద్రం వైపు నుంచి వచ్చి అదే వలలో పడ్డాయి.

"ఎప్పుడైనా ఇలాగ ఎనక్కొచ్చాయేటే పిల్లా?" అన్నాను.

"లేదు మామ్మా. వెళ్లినవి మళ్లీ కనబడవు."

పరుగున పోయి, వేటకు బయలుదేరుతున్న మా పడవ తాడు పట్టుకున్నాను. ఒడ్డున అందరూ నవ్వారు.

"పిట్టలొచ్చాయని ఏట మానేత్తామేటమ్మా? రేడియోలో తుపానని ఏటీ సెప్పలేదు కదా!" అన్నాడు ఎర్రయ్య.

"రేడియో సముద్రం మీదకెల్లి సూసొచ్చిందేటిరా?"

తాడు విడిపించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నుంచి గాలి ఆగిపోయింది. నీళ్లు నూనెలా కదలకుండా ఉన్నాయి. ఇప్పుడు ఒడ్డున ఎవరూ నవ్వడం లేదు.

ముసలిదానికి మతి పోయిందంటారా, అనండి. ఎర్రయ్య వచ్చాక మీతో కలిసి నేనూ నవ్వుతాను. వద్దని నేను చెప్పిన మాట మాత్రం రాతలో ఉండాలి.

పోలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: సుజాత, నూకాలు. నూకాలు సంతకానికి పిలిస్తే, పడవ కనబడేదాకా ఒడ్డు మీద నుంచి లేవనంది.