ప్రతి స్టాపులోనూ ఆగే కారు

అత్త ఇక కారు నడిపింది చాలని, ఆవిడ దగ్గర తాళాలు తీసుకురమ్మని నాన్న కూతుర్ని పంపించాడు. తనే వెళ్లేవాడు కానీ, అక్క పేరు ఎత్తగానే ఆయనకు నడుం పట్టేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. "నీ మాటైతే వింటుందే" అన్నాడు. అత్త ఎవరి మాటా వినదని ఆ తండ్రీకూతుళ్లిద్దరికీ బాగా తెలుసు.

అత్త సిటీ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైంది. నడిపింది ఆర్డినరీ బస్సే అయినా, మాట వేగం చూసి బంధువులు ఎక్స్‌ప్రెస్ అత్త అని పేరు పెట్టారు. రిటైరయ్యాక ఆ చిన్న కారు కొనుక్కుంది. మొగుడు బతికున్నన్నాళ్లూ పక్క సీట్లో కూర్చుని బ్రేకు ఎప్పుడు వేయాలో చెప్పేవాడట. ఇప్పుడు మేడ మీది ఒంటిగదిలో ఆవిడా, కిటికీలోంచి చూస్తే కింద ఆ కారూ. కూరగాయలకైనా, మందులకైనా, సముద్రానికైనా అదే దిక్కు. అది లాక్కుంటే ఆవిడకు ఇక మిగిలేది కిటికీయే. మేనకోడలికి దారి పొడుగునా అదే దిగులు.

గేటు దగ్గరే కారు కనిపించింది. కుడి పక్క షోరూమ్ నుంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. ఎడమ పక్క ముందు నుంచి వెనక దాకా గీతలే. అటువైపు అద్దాన్ని టేపుతో అతికించారు.

"ఇదేంటత్తా?"

"ఆ గోడ కాస్త బయటికి కట్టారు" అంది అత్త.

ఆ గోడ తను పుట్టకముందు నుంచీ అక్కడే ఉందని, ఎవరూ అడక్కపోయినా వాచ్‌మన్ చెప్పాడు.

సముద్రం ఒడ్డున పార్కుకు వెళ్దామంది అత్త. సీటు మీద పాత దిండు సర్దుకుని, అద్దాలు చూసుకుని, వెనక్కి తిరిగి "అందరూ ఎక్కారా?" అని అడిగింది. ఎక్కింది మేనకోడలు ఒక్కతే.

మొదటి బస్‌స్టాపు రాగానే కారు ఆగింది.

"ఎందుకాగాం?"

"స్టాపు."

ఆ తర్వాతి స్టాపులో సంచులతో ఒకావిడ వెనక తలుపు తీసుకుని ఎక్కేసింది. మందుల షాపు దగ్గర దిగి, తలుపు మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయింది.

"ఎవరత్తా ఆవిడ?"

"ఏమో. రోజూ ఎక్కుతుంది."

పార్కు మలుపులో ఎడమ నుంచి ఒక స్కూటరు దూసుకొచ్చింది. మేనకోడలు కేక పెడితే తప్ప బ్రేకు పడలేదు. స్కూటరతను ఆగి, అత్తను నోటికొచ్చినట్టు తిట్టి మరీ కదిలాడు. అత్త తిరిగి ఒక్క మాటా అనలేదు. ఆవిడ ఒకరితో మాటలు పడి ఊరుకోవడం మేనకోడలు ఇంతకుముందెన్నడూ చూడలేదు.

పార్కు మొదట్లో పెద్ద పటం ఉంది. 'మీరు ఇక్కడ ఉన్నారు' అని రాశారు. ఎక్కడున్నారో చూపించే చుక్కను మాత్రం ఉప్పుగాలి తినేసింది. ఇద్దరూ రెయిలింగు పట్టుకుని రాళ్ల దాకా దిగారు. గుంటల్లో నిలిచిన నీళ్లలో పీతలు అడ్డంగా నడుస్తుంటే అత్త కాసేపు గమనించి, "వీటికి రూటు తెలియదు" అని తేల్చేసింది. కాలిబాట వంపు చూసి, ఇక్కడ బస్సు తిరగదని తప్పుపట్టింది. అక్కడికి బస్సు రావాల్సిన అవసరమేమిటో మేనకోడలు అడగలేదు. తాళాలు ఇమ్మని పొద్దున్నే బాత్రూం అద్దం ముందు వల్లెవేసుకున్న మాట కూడా బయటికి తీయలేదు.

బెంచీ మీద కూర్చుని బన్నులు తింటుండగా ఎడమ నుంచి ఒక సముద్రపు పక్షి వచ్చి అత్త చేతిలో బన్ను ఎగరేసుకుపోయింది. అత్త ఖాళీ చేతిని చూసుకుంది. తర్వాత మేనకోడలి వంక అనుమానంగా చూసింది.

"నేను తీయలేదత్తా. పక్షి."

"ఎటు నుంచి?"

"ఎడమ నుంచి."

అత్త ఒడిలో పడ్డ బన్ను పొడి దులుపుకుంది.

"డిపోలో షిఫ్టు మారేటప్పుడు బండి అప్పగించాలి" అంది. "దిగే డ్రైవరు, ఎక్కే డ్రైవరు తలుపు దగ్గర నిలబడతారు. బండిలో ఏమేం లోపాలున్నాయో దిగేవాళ్లు నోటితో చెప్పాలి. ఒకడు బ్రేకు మెత్తబడిందని చెప్పకుండా ఇంటికెళ్లిపోయాడు. ఏం కాలేదులే, రెండోవాడు గేటులోనే కనిపెట్టాడు. కానీ వాడు రిటైరయ్యేదాకా మాలో ఎవ్వరం వాడి పక్కన కూర్చుని టీ తాగలేదు."

"అంత పంతమా?"

"పంతం కాదే. దాచిపెట్టాడుగా."

తిరిగి కారు దగ్గరికి వచ్చాక అత్త ఎక్కలేదు. డ్రైవరు తలుపు దగ్గర నిటారుగా నిలబడి మేనకోడల్ని ఎదురుగా నిలబడమంది.

"విను. క్లచ్ కొంచెం గట్టి. వైపరు ఒకటే తిరుగుతుంది. హారన్ బ్రహ్మాండం." ఊపిరి తీసుకుంది. "ఎడమ నుంచి వచ్చేవి డ్రైవరుకు కనబడవు. కొన్నాళ్లుగా కనబడట్లేదు. ఇంకే లోపమూ లేదు."

తాళాలు మేనకోడలి చేతిలో పెట్టింది. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పుగాలి వల్లేనని అత్తతో అంది.

పక్క సీట్లో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో అత్తకు తెలియలేదు. లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. మొదటి స్టాపు రాగానే, "దాటించేస్తావేంటి, ఆపు" అంది. మేనకోడలు ఆపింది. ఎవరూ లేరు. అయినా కాసేపు ఆగి కదిలారు.

మందుల షాపు దగ్గర సంచులావిడ మళ్లీ ఎక్కింది. స్టీరింగు దగ్గర కొత్త మొహం చూసి తలుపు వేయకుండా ఆగిపోయింది.

"ఏమ్మా, డ్రైవరు మారారా?"

"డ్యూటీ దిగాను" అంది అత్త. "ఈ పిల్ల బాగానే నడుపుతుంది. తలుపెయ్యి, పోదాం."