మగ్గం గుంత, గ్యాస్ గోలి

మా అమ్మ చేతి వణుకును నేను మొదట విన్నాను, ఆ తర్వాతే చూశాను. అత్తగారి ఊరు వనపర్తి నుంచి పొద్దున బస్సుకు గద్వాల వచ్చి, చెప్పులు విప్పి ఇంట్లో కాలు పెట్టేసరికి అమ్మ చాయ్ తెస్తోంది. సాసర్లో కప్పు టకటకా కొట్టుకుంటోంది.

"ఏందే గట్ల?" అన్నాను.

"నువ్వొచ్చినవు గద, భయమైతుంది" అంది.

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకు ఎగతాళి ఎక్కువని కూడా తెలుసు. అందుకే నవ్వేసి చాయ్ తాగాను.

అమ్మ నేత నేస్తుంది. నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ నేసేవాళ్లు. ఆయన పోయాక ఆమె ఒక్కతే మగ్గంలోకి దిగింది. దిగింది అని ఎందుకంటున్నానంటే మా మగ్గాలు నేలలో ఉంటాయి. ముందు గదిలో గుంత, దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసే చోట ప్రతి వరసలోనూ రెండు పోగులూ ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. ఆ మెలిక సరిగ్గా పడకపోతే అంచు ఒకదారి, చీర ఒకదారి. అందుకని మగ్గం మీద రెండో మనిషి కావాలి. ఒకరు చెక్కలు తొక్కుతూ నేస్తారు, పక్కన కూర్చున్నవాళ్లు అటువైపు అంచు చూసుకుంటూ, అడ్డపోగు చుట్టిన నాడె అందిస్తారు.

నాన్న పోయాక ఆ పక్కమనిషిని నేనే. పెళ్లయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ పని అంటే నాకు ఒళ్లుమంట. లేవడానికి లేదు, అటూ ఇటూ చూడడానికి లేదు. పోగు తప్పితే అమ్మ కళ్లు తిప్పకుండానే నా మోకాలి మీద ఒక్కటి వేసేది. నేను వెళ్లిపోయాక కొన్నాళ్లకు మా తమ్ముడి భార్య ఆ చోట కూర్చుంది. ఆమెకూ పడ్డాయట దెబ్బలు. ఆ మాట విని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పను.

ఇక గ్యాస్ గోలి సంగతి. నేతవాళ్లది మడిచిపెట్టిన పొట్ట. పొద్దున తిన్నది అరగకముందే చాయ్, చాయ్ మీద చాయ్, మధ్యాహ్నం అన్నం ఎప్పటికో. మా వీధిలో కడుపుమంట లేని ఇల్లు లేదు. అమ్మకు ఏనాడో ఒక డాక్టరు కొద్దిరోజులు వేసుకోమని ఒక గోలి రాసిచ్చాడు. చీటీ పోయింది, గోలి మాత్రం మిగిలింది. ఖాళీ అట్ట చూపిస్తే మెడికల్ షాపాయన కొత్త అట్ట ఇచ్చేవాడు. అమ్మ దాన్ని ఆకువక్కల సంచిలో పెట్టుకునేది. ఇంటికొచ్చినవాళ్లు పొట్ట పట్టుకుంటే చాలు, "ఒకటేస్కో, నిమ్మళమైతది" అని వక్కపలుకు పెట్టినట్టు చేతిలో పెట్టేది. అందరూ వేసుకునేవాళ్లు, దాన్ని మందనుకున్నవాళ్లు లేరు.

చెయ్యి వణుకు పెరిగింది. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా వణికేది. తర్వాత అడుగు చిన్నదైంది, నేలకు అతుక్కున్నట్టు కాళ్లు ఈడ్చేది. గొంతు సన్నబడింది. అన్నిటికన్నా నన్ను కోసింది ఆమె ముఖం. ఎగతాళి మాటలు అనేది, కానీ ముఖంలో నవ్వు ఉండేది కాదు. తిట్టినా అదే ముఖం, ముద్దు చేసినా అదే ముఖం. ఫోనులో మాట్లాడితే మా అమ్మే, ఎదురుగా కూర్చుంటే ఎవరో.

ఊళ్లో చూపించాం. వయసు మీద పడిందని బలానికి మందు రాశారు. వీధి మాత్రం వెంటనే తేల్చేసింది. "గ్యాసు నరాలకెక్కింది. మా పెద్దమ్మకు గిట్లనే అయింది" అంది ఎదురింటామె. అది అమ్మకు బాగా నచ్చింది. గ్యాసే కదా, దానికి గోలి సంచిలోనే ఉంది. అప్పటిదాకా పొద్దున ఒకటి వేసుకునేది, ఇప్పుడు మాపటికి ఇంకోటి మొదలుపెట్టింది. చెయ్యి ఎక్కువ వణికిన రోజు మధ్యాహ్నం కూడా వేసుకునేది. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. గ్యాసుకు గ్యాస్ గోలి కాక ఇంకేం వేస్తారు!

మగ్గం కూడా మాట వినడం మానేసింది. నాడె చేతిలోంచి జారేది. పట్టుపోగు పట్టుకోబోతే పక్క పోగు తెగేది. నేయించుకునే సేటు ఒక చీర విప్పి చూసి, అంచు దగ్గర వేలు పెట్టి, ఏమీ అనకుండా మడిచేశాడు. నాలుగు మాటలు అన్నా బాగుండేదని అమ్మ తర్వాత నాతో చెప్పుకుని ఏడ్చింది. "నాకు తిండి లేకున్న సరేనే. మగ్గం మీద కూసోకుంటే నేనెందుకు?" అంది. ఆమెకు ఇంకే కోరికా లేదు, ఆ గుంత అంచున కూర్చుంటే చాలు.

అలాంటి మనిషే ఒకరోజు గుంతలో పడిపోయింది. అడుగు తీసి అడుగు వేయబోతే కాలు కదల్లేదు, ఒళ్లు మాత్రం ముందుకు పోయింది. ఎముకలు విరగలేదు, భుజం కమిలింది. మూడోనాడు తమ్ముడు ఫోన్ చేసి, "అమ్మ గుంత పూడ్పిస్తుంది, నువ్వు రా. నా మాట ఇంటలేదు" అన్నాడు.

నేను వెళ్లేసరికి మగ్గం విప్పేశారు. మేస్త్రీ మట్టి కుప్ప పోసుకుని కూర్చున్నాడు. అమ్మ కుర్చీలో ఉంది. గుంత అంచుకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. పక్కనే కొట్టిన కొబ్బరికాయ.

"నీకు పిచ్చిగిట్ల లేసిందా?" అని అరిచాను. "తగ్గినంక ఏడ కూసుంటవ్?"

"తగ్గేదుంటే తగ్గకపోవునా? నేను పడ్డ, సరే. రేపు మనుమరాలు పడితే?"

"చెక్కలేస్తే సరిపాయె గద పైన!"

"దాన్ని సూస్కుంట ఎట్లుండాలె నేను?" అంది. ముఖంలో ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. "ఊకో. ఇంట్లకెల్లి పీనుగ పోతుందా ఏంది? జర ఆ తొక్కుడు చెక్కలు తీసి నా మంచం కింద పెట్టు" అంది. ఆమె కాళ్లకు అరిగి మడమల దగ్గర పల్లమైపోయిన చెక్కలు అవి. తీసి పెట్టాను. మేస్త్రీ మట్టి నింపి, దిమ్మిస కొట్టి, పైన కొత్త బండలు పరిచాడు. గది ఒక్కసారిగా పెద్దదైంది. 

తర్వాత ఆమెను వనపర్తి తెచ్చుకున్నాను. ఒక పొద్దున మా ఇంటి గడప ముందు నిలబడిపోయింది. దాటాలని చూస్తోంది, కాలు లేవడం లేదు. వెనక నుంచి నేను, "నడువే అమ్మా" అంటున్నాను. "కాలు ఇంటలేదే" అంది, చిన్నపిల్లలా. చంకల కింద చేతులేసి గడప దాటించాను. ఆ వారంలోనే తమ్ముడితో పోట్లాడి కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన చేతులు చూశాడు, మోచెయ్యి వంచి చూశాడు, నడిపించాడు. "ఏమేం మందులు వాడుతున్నావమ్మా?" అని అడిగాడు.

"ఏం లేవు సార్. బలం మందు ఉండె, అయిపోయింది."

నేనూ తల ఊపాను. ఆయన ఏదో రాస్తున్నాడు. బస్సు కుదుపులకు అమ్మకు కడుపులో మంట లేచినట్టుంది. కొంగు పక్కకు జరిపి, ఆకువక్కల సంచి తీసి, అందులోని అట్టలోంచి ఒక గోలి ఒత్తి తీసి నోట్లో వేసుకోబోయింది.

"ఆగమ్మా. అదేంది?"

"ఇది మందు గాదు సార్. గ్యాస్ గోలి."

డాక్టరు చెయ్యి చాపి అట్ట తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చదివాడు. ఎన్నాళ్లుగా అని అడిగాడు. అమ్మ లెక్క చెప్పలేక నావైపు చూసింది. నేను తమ్ముడివైపు చూశాను. వాడు, "నా పెండ్లికి ముందునుంచే సార్" అన్నాడు.

ఆయన కోప్పడలేదు, మెల్లగా చెప్పాడు. గ్యాస్ గోలీలన్నీ ఇలాంటివి కావు. దీంట్లో రెండు మందులు కలిసున్నాయి. ఒకటి మంటకు, రెండోది కడుపు తిప్పకుండా ఉండడానికి. ఆ రెండోది కొద్దిరోజులకైతే సరే. ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరిలో మెదడు మీద పనిచేసి చేతులకు వణుకు తెస్తుంది, ఒళ్లు బిగుసుకునేలా చేస్తుంది. "మానేస్తే తగ్గుతుందని అనుకుంటున్నా. నెలలు పట్టొచ్చు. అందరికీ మొత్తం తగ్గదు, కొందరికి లోపల అసలు జబ్బు కూడా ఉంటుంది. చూద్దాం" అన్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎన్నిసార్లు విన్నానో. అది మా ఇంట్లో జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాం.

గద్వాలలో దిగి నేరుగా మెడికల్ షాపుకు పోయాను. అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఆయన గల్లా వెనక నిలబడి అంతా విని, "అక్కా, నాకేం తెల్సు? మా ఇంట్లనే ఏస్కుంటం" అన్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. నేను ఇంక ఏం తిట్టను? ఇంటికొచ్చి అందరి మీదా అరిచాను.

గోలి మానిన కొత్తలో అమ్మకు నరకమే. మంట, తేపులు, మా మీద కోపం. చాయ్ తగ్గించి, పొద్దున్నే అన్నం తినడం నేర్పించాం. వీధిలో ఎవరైనా గోలి అడిగితే, "నా చెయ్యి సూసినవా? అయినా కావాల్నా?" అనేది. మొదట్లో ఏ మార్పూ లేదు. డాక్టరు చెప్పింది తప్పేమోనని మా తమ్ముడు పైకే అన్నాడు.

మొదట తిరిగొచ్చింది ముఖం. ఒకరోజు నేను తమ్ముడి మీద ఎగురుతుంటే అమ్మ పక్కనుంచి, "దీని మొగుడు బంగారమే, ఎట్ల ఏగుతుండో" అంది. తిరిగి చూస్తే నవ్వుతోంది. కళ్లూ బుగ్గలూ అన్నీ నవ్వుతున్నాయి. నేను పోట్లాట మధ్యలో వదిలేసి ఆమె పక్కన కూలబడ్డాను. తర్వాత తర్వాత కప్పు చప్పుడు పోయింది. సూదిలో దారం ఎక్కించింది. ఆ మధ్యాహ్నమే, "గడ్డపార ఏడుందిరా?" అని అడిగింది.

"అమ్మా, కొత్త బండలు!" అన్నాడు తమ్ముడు.

"నా తల మీద పరిచినవు ఆ బండలు. తియ్యి."

తీశాడు. మట్టి తవ్వడానికి వీధిలో నేతవాళ్లు వచ్చారు. గుంత మళ్లీ బయటపడింది, మగ్గం నిలబడింది. మంచం కిందినుంచి తొక్కుడు చెక్కలు తీసి నేనే తుడిచాను. అమ్మ దండం పెట్టి, గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దింపింది. నాడె పట్టుకుంది. చెయ్యి సరిగ్గానే ఉంది. కుడికాలు తొక్కింది. ఎడమకాలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. చెక్క మీద మడమ ఆనించి నొక్కింది, నొసలు చెమట పట్టింది. చెక్క కదల్లేదు. అందరికీ మొత్తం తగ్గదని డాక్టరు చెప్పిన మాట గదిలో ఉన్న అందరికీ గుర్తొచ్చి ఉంటుంది. 

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నేల మీద చేతులానించి మెల్లగా పక్కకు జరిగింది. నేను చిన్నప్పుడు కూర్చున్న చోటికి.

"కూసో" అంది నాతో.

"నేనా? నాకేమొస్తది?"

"కాళ్లు ఉన్నయి గద. నువ్వు తొక్కు, నేను అంచు సూస్త."

కూర్చున్నాను. కాళ్లు దింపితే మడమలు ఆమె అరగదీసిన పల్లాల్లోకి పోయాయి.  కళ్లల్లో నీళ్లతో పోగులేవీ కనిపించక తప్పు చెక్క తొక్కాను.

మోకాలి మీద ఒక్కటి పడింది. గట్టిగానే పడింది, ఆ చెయ్యి వణకలేదు.