పసుపు తల పిట్ట

పదకొండు రోజులు పుస్తకాలు తిరగేసి, ఫొటోలో కనిపించిన బెత్తెడు తోకను బట్టి పిట్ట పేరు తేల్చడం పెయింటరు మామయ్య తొలి విజయం. ఆ గెలుపు కథ మొదటినుంచీ వినిపించి, కళ్ళజోడు తుడుచుకున్నాకే ఏ పిట్ట పేరైనా ఆయన నోట వస్తుంది.

మొన్న మేనకోడలు ఫోను చాపి, "మామయ్యా, ఈ పసుపు తల పిట్టేంటో చెప్పు చూద్దాం" అంది.

మామయ్య భూతద్దం పెట్టి గంటసేపు చూశాడు. "సముద్రం దాటొచ్చిన అతిథమ్మా ఇది! తప్పయితే ఈ భూతద్దం నీదే."

వంటింట్లోంచి వచ్చిన అత్తయ్య తొంగిచూసింది. "ఏవండోయ్, అది మన పిచ్చుక! పొద్దున మీరు గేటుకేసిన పసుపు రంగు ఆరకముందే తల దూర్చింది."

వెళ్ళి చూస్తే, తడి రంగు మీద బుల్లి గోళ్ళ గీతలు!

మామయ్య భూతద్దం మేనకోడలి చేతిలో పెట్టి, తమ్ముడి ఊరికి బస్సెక్కాడు. పిచ్చుక తల రంగు వదిలాకే, వచ్చే నెల ఇరవయ్యో తేదీన వస్తాడట.