ఎలుకల బాబాయి అరచేయి

పరిశోధనశాలలో బోన్లు కడిగే ఎలుకల బాబాయి మూత తీయగానే అరచేయి చాచి వాసన చూడనిస్తాడు. మనిషిని గుర్తుపడితే ఎలుక బెదరదు. మెదడులో చిన్న ముక్క తీసేసిన ఆడ ఎలుక మాత్రం ఆయన్ని రోజూ కొత్తగానే చూస్తుంది. "తిండి దగ్గరికి దారి మరిచిపోదు బాబాయ్, గుర్తుపట్టే చోటే పోయింది," అంది పరిశోధకురాలు. "అయితే నాకు రోజూ కొత్తల్లుడి మర్యాదే," అని నవ్వాడు. ఇంట్లో ఆయన భార్యకు పిల్లల ముఖాలు కూడా చెరిగిపోయాయి. ఆమె గుర్తుపట్టేవాళ్ళలో ఇంకా ఆయనొక్కడే మిగిలాడు.

ఆ మధ్యాహ్నం భార్య ఎప్పటిలాగే సందులన్నీ తిరిగి, ఎవరినీ అడగకుండా, క్యారేజీతో పరిశోధనశాల గుమ్మం ముందు నిలబడింది. ఆయన్ని ఎగాదిగా చూసింది. "అన్నయ్యా, మా ఆయన లోపల ఉన్నారు. ఇది కాస్త అందిస్తారా? ఆకలికి అసలు ఆగలేరు." ఎలుకల బాబాయి అలవాటుగా అరచేయి చాచి, ఆమె ముందు అలాగే ఉంచాడు. ఆమె అందులో క్యారేజీ పెట్టి, ఒక్క మలుపూ తప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.